పేరు పలకకూడని దిబ్బ

మా తమ్ముడికి మైకు దొరికితే చాలు, ఒక కథ చెబుతాడు. "మా అక్క చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే టీవీలో చరిత్ర సీరియల్ చూసేది. చూసీ చూసీ చరిత్ర మీద ప్రేమ పుట్టి, ఆఖరికి కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేదాకా వెళ్ళింది" అని. కిందటి చలికాలం మా ఊళ్ళో దిబ్బ దగ్గర బోర్డు పెట్టిన రోజు కూడా ఇదే చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. మా ఈడువాళ్ళు నలుగురు కలిసినా ఇదే పాట: వీధికంతా ఒకే టీవీ అనీ, అందరూ చాపల మీద కలిసి కూర్చుని చూశారనీ, ఎంతో నేర్చుకున్నారనీ. చాపల సంగతి చాప మీద కూర్చున్నవాళ్ళకే గుర్తుంటుంది. కిటికీ బయట నిలబడి ఊచల సందులోంచి చూసినవాళ్ళని మైకు ముందుకి ఎవరూ పిలవరు. పోనీ, చాప మీద కూర్చున్న మేమైనా నేర్చుకున్నదేమిటి? టీవీ మా ఇంట్లోనే ఉన్నా, సీరియల్ వచ్చేది హిందీలో. మా వీధిలో హిందీ వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరికి నిజంగానే వచ్చు, ఆవిడ నోరు విప్పేది కాదు. రెండో మనిషి మా తాతయ్య. ఆయనకి రాదు, నోరు మూసేవాడు కాదు.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు మిరపకాయల లారీలతో నాగపూరు దాకా వెళ్ళొచ్చిన మనిషి. అక్కడి బజారులో నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఆయన హిందీ. సరుకు, ధర, తూకం, తడి, మోసం, వీటికి సంబంధించిన మాటలన్నీ వచ్చు. మిగతా మాటలకి తెలుగే ఉందిగా అని ఆయన ధైర్యం. దాంతో టీవీలో ఏ రాజదర్బారు చూపించినా అది గుంటూరు మిరపకాయల యార్డు అయిపోయేది. మంత్రి రాజు చెవిలో ఏదో చెబితే "సరుకు నాసిగా ఉందంటన్నాడు" అనేవాడు. శత్రురాజు దూత వచ్చి నిలబడితే "బేరానికొచ్చాడు, తెగదు" అనేవాడు. ఒకసారి రాజు సింహాసనం మీద నుంచి లేచి, కట్టేసి తెచ్చిన ఒకణ్ణి చూపిస్తూ "దండ్ దో" అని గర్జించాడు. "పెద్దమనిషంట, ఆయనకి దండం పెట్టమంటన్నాడు రాజు" అన్నాడు తాతయ్య. చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఒకరిద్దరు నిజంగానే చేతులు జోడించారు. మరుక్షణం భటులు ఆ పెద్దమనిషిని స్తంభానికి కట్టి కొరడాతో బాదడం మొదలుపెట్టారు. జోడించిన చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. తాతయ్య ఏమాత్రం తొణకలేదు. "చూశారా, తిరిగి దండం పెట్టలా వాడు. అందుకే" అన్నాడు. ఇంకోసారి గురువు పిల్లలకి శిక్షా, అంటే హిందీలో చదువు, ఇస్తున్నాడని వస్తే, పిల్లలంతా బుద్ధిగా కూర్చుని చదువుకుంటున్నా సరే, "శిక్ష వేశాడు, కదలకుండా కూర్చోమని" అని తేల్చేశాడు. అది తప్పనడానికి నాకు ఈనాటికీ నోరు రావడం లేదు.

హిందీ నిజంగా వచ్చిన మనిషి వసుంధర టీచర్ గారు. చీరాల ఆవిడ. మా బడికి హిందీ టీచరుగా వచ్చి, మా ఇంటి పక్క వాటాలో అద్దెకుండేది. పుట్టింటివాళ్ళు మగ్గాల మీద నేసిన చీరలు కట్టేది. గంజి వాసన వచ్చేవి. ఆదివారం మా అమ్మ పిలిస్తే వచ్చి గడప పక్కన కూర్చునేది. తాతయ్య అనువాదం చేస్తున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. మిరప కోరు అనుకునేవాళ్ళం. మా ఇంట్లో ఆ రోజుల్లో ఎవరు దగ్గినా మిరప కోరే. కోతలు మొదలైన దగ్గర్నుంచీ వసారా నిండా కాయలు, గదుల్లో గోతాలు, దుప్పట్లలో ఘాటు. చంటిపిల్లల్ని ఎత్తుకునే ముందు ఆడవాళ్ళు చేతులు మజ్జిగతో కడుక్కునేవాళ్ళు. అన్నం ముద్ద కలుపుతుంటే వేళ్ళు మండేవి. మా నాయనమ్మ మాత్రం ఆ కాయల మధ్యే పీటేసుకుని, తొడిమలు గిల్లుతూ, మధ్యమధ్య అదే చేత్తో ముక్కుపొడి పీల్చేది. ఆవిడ తుమ్మడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం సీరియల్లో రాజు యుద్ధాలు మానేశాడు. గుండు చేయించుకున్న ఒక ముసలాయనతో నడుస్తూ ఏదో మాట్లాడుతున్నాడు. వాళ్ళ వెనకాల, రాజు భుజం మీదుగా, పెద్ద బోర్లించిన చట్టిలాంటి కట్టడం కనిపించింది. అర నిమిషం ఉందేమో. తాతయ్య వెంటనే, "అదిగో గోదాం. యుద్ధాలు ఆపేసి ధాన్యం నిలవ చేయించాడు. తెలివైన రాజు" అన్నాడు. టీచర్ గారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను మంచినీళ్ళు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. చూస్తే ఆవిడ బావి గట్టు పట్టుకుని నవ్వుతోంది.

"గోదాం కాదమ్మాయ్, అది స్తూపం. బౌద్ధులది. లోపల ఖాళీ ఏమీ ఉండదు, మొత్తం ఇటుకే. పెద్ద పెద్ద ఇటుకలు గుండ్రంగా పేర్చుకుంటూ పోతారు. పెద్దాయనకి ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను."

పెద్ద పెద్ద ఇటుకలు అనగానే నా చూపు బావి పక్కకి పోయింది. నాయనమ్మ కాళ్ళు తోముకునే ఇటుక మూరెడు పొడుగుంటుంది. వంటింట్లో ఊరగాయ జాడీల కింద రెండు, పశువుల పాక గుమ్మానికి మెట్టుగా నాలుగు, అన్నీ అలాంటివే. మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎవరింట్లో చూసినా ఉంటాయి. అవన్నీ ఎక్కడివో అందరికీ తెలుసు. మా చేలో, ఊరికి పడమటి వైపున్న దిబ్బలోవి. గుండ్రటి దిబ్బ, మీద తుమ్మచెట్లు. ఒక పక్క జనం మట్టి తవ్వుకుపోయిన చోట ఇటుకల వరసలు బయటపడి కనిపించేవి. అవి గోడలా తిన్నగా ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. మేం పిల్లలం ఆ వంపు మీద గాజుపెంకులతో గీతలు గీసేవాళ్ళం. అది ఎందుకు వంపు తిరిగిందని అన్నాళ్ళూ నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. ఆ పూట వచ్చింది. టీవీ నాకిచ్చింది ఆ అనుమానం ఒక్కటే. తమ్ముడు చెప్పే ప్రేమా దోమా కాదు.

"టీచర్ గారూ, మా చేలో దిబ్బ చూశారా?"

"ఏ దిబ్బ?"

నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ దిబ్బకి పేరుంది, ఆడపిల్ల పలకకూడని పేరు. మగవాళ్ళు చేలల్లో గొంతెత్తి అనుకునేవాళ్ళు. ఆడవాళ్ళ ముందు "ఆ దిబ్బ" అని నసిగేవాళ్ళు. మా అమ్మ "పడమటి దిబ్బ" అనేది. నాయనమ్మ వేలు చూపించేది, అంతే. దాన్ని లంజదిబ్బ అంటారని నేను ఎప్పుడు తెలుసుకున్నానో గుర్తులేదు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు, ప్రతి పిల్లా తెలియనట్టు ఉంటుంది. ఇటువైపు ఇంకొన్ని ఊళ్ళలో కూడా అలాంటి దిబ్బలకి అదే పేరని తరువాత చదివాను. అప్పటికి మాత్రం అది మా ఊరి బూతు అనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం తొడిమలు గిల్లుతూ నాయనమ్మ దగ్గర చేరాను. ఆ దిబ్బ ఎవరు కట్టించారని అడిగాను. ఆవిడ అమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరో ఒకావిడంట. ఆటగత్తె. వానాకాలం ఈ నల్లరేగట్లో ఊరికి ఊరే దిగబడి చచ్చేదంట. సంపాదించిందంతా ఇటుకలు కాల్పించి ఎత్తుగా దిబ్బ కట్టించింది, వరదొస్తే జనం ఎక్కి బతకమని."

"మరి ఆ పేరెందుకు?"

"ఎక్కి బతికినోళ్ళేనే, దిగింతర్వాత పెట్టారు" అని ముక్కుపొడి పీల్చింది.

ఇదీ నా దగ్గరున్న సరుకు. ఒక పక్క టీచర్ గారి స్తూపం, ఇంకో పక్క నాయనమ్మ ఆటగత్తె. రెంటికీ పొంతన లేదు. పొంతన లేకపోవడమే నాకు నిద్రపట్టనివ్వలేదు. రోజూ బడి నుంచి వస్తూ దిబ్బ చుట్టూ తిరిగేదాన్ని. అంతలో తాతయ్య ఆ దిబ్బని చదును చేయించాలని నిర్ణయించాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. అంతకు ముందు ఏడు కల్లంలో ఆరబోసిన కాయలు అకాల వానకి తడిసి తాలుకాయలయ్యాయి. తెల్లగా పాలిపోయిన ఆ కాయల్ని యార్డులో ఎవరూ ముట్టుకోరు. నల్లరేగడి మీద కల్లం ఎంత తొక్కించినా చినుకు పడితే బురదే. దిబ్బని నరికి పరిస్తే ఎత్తయిన కల్లం, ఇప్పుడున్నదానికి రెండింతలు. రైతుగా ఆలోచిస్తే నేనైనా అదే చేసేదాన్ని. కానీ నేను రైతుని కాను, పదో తరగతి చదివే వాదనల పిల్లని. ఆ దిబ్బ పోతే నా ప్రశ్నకి జవాబు దొరికే చోటు ఇక ఉండదు.

ఒక సాయంత్రం మా వాకిట్లోకి ట్రాక్టరు వెంకటేశ్వర్లు చదును బేరం మాట్లాడుకోవడానికి వచ్చాడు. తాతయ్య నులక మంచం మీద, నాన్న అరుగు మీద, టీచర్ గారు తన వాటా గుమ్మంలో. నేను వెళ్ళి మంచం ముందు నిలబడ్డాను.

"దిబ్బ చదును చెయ్యొద్దు తాతయ్యా."

"ఏ దిబ్బ?"

"మన చేలో దిబ్బ."

"మన చేలో పెంటదిబ్బుంది, బూడిదదిబ్బుంది. ఏ దిబ్బో పేరు చెప్పు." వెంకటేశ్వర్లు కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. తాతయ్యకి ఊపొచ్చింది. "చెప్పవే. యార్డులో అయినా అంతే, సరుకు పేరు చెప్పలేనోడికి బేరం చేసే హక్కు లేదు."

"అది గోదాం కాదు, స్తూపం. టీవీలో చూపించారే, అది."

"టీవీలోది రాజుగారిది. నేనడిగేది మనది. పేరు చెప్పలేవుగా? ఇంకెందుకు వాదన? లోపలికి పో."

"లంజదిబ్బ" అన్నాను.

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. తమ్ముడు కిసుక్కుమన్నాడు, నాన్న చూపుకి ఆ నవ్వు మధ్యలోనే తెగింది. వెంకటేశ్వర్లు ఉన్నట్టుండి తన ట్రాక్టరు చక్రాలకేసి శ్రద్ధగా చూడసాగాడు. అమ్మ ఒక్క ఉదుటున వచ్చి నా జడ పట్టుకుంది. "పెళ్ళికెదిగిన పిల్ల, నలుగురి మధ్యన నోట్లోంచి అదేం మాటే?" అని వీపు మీద ఒక్కటిచ్చింది. తాతయ్య మొహం ఎర్రబడింది. ఆయన అడిగినదానికే నేను జవాబు చెప్పానని ఆయనకీ తెలుసు. అదే ఆయన్ని ఇంకా మండించింది.

"జుట్టొదులు కోడలా" అంది నాయనమ్మ, పీట మీద నుంచి లేవకుండానే. "దాని పేరు అదే. పిల్ల కల్పించిందా? ఏమయ్యా, ఆ దిబ్బ నరుకుతావా నువ్వు?"

"నరకక? నీ ఊరగాయలు పెట్టుకుంటానికి దాచమంటావా?"

"అది ఆమెది. ఆడది కట్టించుకున్నది కూల్చి, దాని మీద కాయలు పోస్తావా? మన ఇంటి ఆడోళ్ళం ఏటా మొదటి గంప కల్లంలో పొయ్యకముందే, గుప్పెడు పండుకాయలు ఆ ఇటుకల మీద పెట్టి దండం పెట్టుకొస్తాం. నీకు తెలుసా?"

తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎప్పట్నించీ?"

"మా అత్త చేసేది. ఆమెకి ఆమె అత్త చెప్పింది."

"మా అమ్మా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వడిగావా?"

తాతయ్య ఇన్నేళ్ళు ఆ చేను దున్నినవాడు, ప్రతి గంపా తన కళ్ళ ముందే కల్లంలోకి దిగిందనుకున్నవాడు. తన చేలో, తన ఇంటి ఆడవాళ్ళు, తనకి తెలియకుండా, తను బూతుగా వాడే పేరున్న మనిషికి మొదటి పంట ఇస్తున్నారు. ఆయన వెంకటేశ్వర్లు వైపు తిరిగి, "రేపు రామాకు. కబురు పెడతాలే" అన్నాడు. కబురు పెట్టలేదు. ఉన్న కల్లానికే తూర్పు వైపు గరుసు తోలించి, పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించి కలిపి దిమ్మిస కొట్టించాడు. ఆ ఏడు కూడా వాన పడింది, కొన్ని కాయలు తడిశాయి. టిక్కీలు, అంటే కాయల బస్తాలు, కుట్టేటప్పుడు పాలిపోయిన కాయ ఒకటి నా ఒళ్ళో పడేసి, "ఇది నీ రాజు వాటా" అనేవాడు. నాయనమ్మని మాత్రం ఏమీ అనలేదు. ఆ గొడవైన తరువాతి ఆదివారం టీవీలో మళ్ళీ ఆ కట్టడం కనిపించినప్పుడు, నా వైపు ఓరగా చూసి, గట్టిగా "అదిగో గోదాం" అన్నాడు. టీచర్ గారు ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

టీచర్ గారే సెలవుల్లో నన్ను బస్సెక్కించి అమరావతి తీసుకెళ్ళింది. మ్యూజియంలో పాలరాతి పలకల మీద చెక్కిన స్తూపాలు చూశాను. వాటి కింద అక్షరాలున్నాయి, నాకు చదవడం రాదు. ఇవి దానాలిచ్చినవాళ్ళ పేర్లనీ, వాటిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారనీ, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి, ఫలానా భిక్షుణి అని రాసి ఉంటుందనీ పక్కన ఎవరికో చెబుతున్న ఆయన మాటలు విన్నాను. ఆ రాళ్ళ ముందు నిలబడి నేను అనుకున్నది ఒక్కటే, ఈ అక్షరాలు నేను చదవాలి అని. గుంటూరులో కాలేజీలో చేరేటప్పుడు, చరిత్ర చదివి ఎవరిని ఉద్ధరిస్తావని నాన్న అడిగితే, తాతయ్యే అడ్డొచ్చాడు. "చదవనీరా. లేకపోతే ఇంట్లో మనల్ని చదువుద్ది" అన్నాడు.

మొన్న తమ్ముడు ఫోనులో ఆ సీరియల్ వెతికి చూపించాడు. నేనిప్పుడు హిందీ అర్థం చేసుకోగలను. తాతయ్య చెప్పినదాంట్లో పావు వంతు కూడా ఆ కథలో లేదు. రాజు గంభీరంగా నీతులు చెబుతాడు, అంతే. మా ఇంట్లో జరిగిన సీరియలే బాగుండేది. ఇక ఆ స్తూపం చెక్కముక్కలతో చేసినది, రంగు పూసిన అతుకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రాజు కాలంలో అలాంటి శిల్పం ఉండదని మా డిగ్రీ పిల్లలు కూడా చెప్పగలరు. అయినా ఆ అబద్ధపు చెక్క లేకపోతే మా నిజమైన ఇటుకలు నాకు ఇటుకలుగానే మిగిలిపోయేవి. ఈ రోజుల్లో పిల్లలకి తెలుగులోనే అన్నీ వస్తున్నాయి, రంగుల్లో, కంప్యూటరు ఏనుగులతో. తప్పు అర్థం చెప్పడానికి ఇంట్లో తాత ఉండడు, కొంగు చాటున నవ్వడానికి గడప దగ్గర టీచరమ్మ ఉండదు. చూసినదాన్ని చూసినట్టే నమ్మేసి, మర్నాడు నా క్లాసుకొచ్చి, మేడం, మా రాజుని మీరు అవమానిస్తున్నారు అంటున్నారు. వాళ్ళతో రోజూ పోట్లాడుతున్నాను. అది నా ఉద్యోగం.

బోర్డు సంగతికొస్తాను. దిబ్బ దగ్గర బోర్డు పెడదామని ఊరి కుర్రాళ్ళు ముచ్చటపడ్డారు. మంచి పిల్లలే. అందులో ఏం రాయాలో నన్నే అడిగారు. ఊరివాళ్ళు పిలిచే పేరు కూడా రాయమన్నాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మేడం, బడిపిల్లలు చదువుతారు. బాగుండదండి."

"మీ నాన్నలు పొద్దస్తమానం అనేవాళ్ళయ్యా ఆ మాట. అప్పుడు బాగుందా?"

"అది వేరండి. ఆ పేరు బౌద్ధం మీద అక్కసుతో తరవాతోళ్ళు పెట్టిన తిట్టని మీ పుస్తకాల్లోనే ఉందిగా మేడం."

ఉంది. నేనే పాఠంలో చెబుతాను. నిజమే కావచ్చు కూడా. భిక్షుణులని తిట్టిన తిట్టే దిబ్బకి అంటుకుని ఉండొచ్చు. కానీ ఆ రోజు మా దిబ్బని నిలబెట్టింది నా స్తూపం కాదు. స్తూపం అని నేనెంత అరిచినా తాతయ్య ట్రాక్టరు ఆపేవాడు కాదు. ఆపింది ఆ పేరులో ఉన్న ఆడది, ఆమె కోసం మా ఇంటి ఆడవాళ్ళు చాటుగా తీసిపెట్టిన గుప్పెడు కాయలు. ఈ మాటే చెప్పాను. కుర్రాళ్ళు వినయంగా విన్నారు, వినయంగా "ప్రాచీన బౌద్ధ స్తూపం" అని రాయించారు. చాలా శుభ్రమైన బోర్డు. దాని మీద ఎవరికీ పేచీ లేదు, నాకు తప్ప.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ అత్తగారి అత్తగారి దాకా ఆ ఆనవాయితీ వెళ్ళిందంటే, ఇంకా వెనక్కి ఎంత దూరం వెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు. నిన్న కాక మొన్న మొదలైందేమో, నేను ఊరికే ఊహించుకుంటున్నానేమో. శాసనాలు వెతికాను, చూసిన రాళ్ళలో మా దిబ్బ మాట లేదు. అయితే చరిత్ర చదివినదాన్ని కాబట్టి ఒక్క సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. మిరపకాయ ఈ దేశపు పంట కాదు, సముద్రం దాటి వచ్చింది, అదీ ఆ దిబ్బ వయసు ముందు నిన్నటి మాట. మరి మా నేలకి మిరపకాయ రాకముందు, మొదటి గంపలోంచి గుప్పెడు తీసి, ఆ ఇటుకల మీద ఆమెకి ఏం పెట్టేవాళ్ళు?